హోసూరు, కృష్ణగిరి ప్రాంతంలో మొబైల్ నెట్‌వర్కుల పోటీ

కృష్ణగిరి జిల్లా తమిళనాడుకు వాయవ్య మూల. మొబైల్ కంపెనీల లెక్కలో అది ‘తమిళనాడు సర్కిల్’ అంచు. హోసూరులో బెంగళూరు రోడ్డెక్కి జూజువాడి చెక్‌పోస్టు దాటితే అత్తిబెలె వస్తుంది, అక్కడి నుంచి కర్ణాటక సర్కిల్. జిల్లాకు ఉత్తరాన వేపనపల్లి పొలిమేర దాటి కుప్పం వైపు వెళితే ఆంధ్రప్రదేశ్ సర్కిల్. ప్రభుత్వం స్పెక్ట్రమ్‌ను, అంటే రేడియో తరంగాలను, అమ్మేది సర్కిల్ వారీగానే. అందువల్ల ఒకే పేరున్న కంపెనీ ఈ గీతకు అటు ఒక రకంగా, ఇటు ఇంకో రకంగా ఉండేది. గీతకు రెండు వైపులా సరిపడా తరంగాలు ఎవరి చేతిలో ఉన్నాయన్నదే ఇక్కడి పోటీని పాతికేళ్లపాటు నడిపించింది. టవర్ల సంఖ్య, టారిఫ్‌ల తగ్గింపు, ప్రకటనల హోరు ఆ తర్వాతి సంగతులు.

ఈ వ్యాసం జిల్లాలోని రెండు ప్రధాన పట్టణాలనూ, వాటి చుట్టూ ఉన్న సూలగిరి, బాగలూరు, బేరికె, తళి, దేన్కనికోట, అంచెట్టి ప్రాంతాలనూ దృష్టిలో పెట్టుకుంది. 2004 ఫిబ్రవరి 9న ధర్మపురి నుంచి విడివడిన ఈ జిల్లా జనాభా 2011 లెక్కల ప్రకారం 18.8 లక్షలు. తమిళంతో పాటు తెలుగు, కన్నడం ఇళ్లలో నిత్యం వినిపించే చోటు ఇది.

సర్కిల్ గీత ఎలా పడింది

1994 జాతీయ టెలికం విధానంతో ప్రైవేటు కంపెనీలకు తలుపులు తెరిచినప్పుడు దేశాన్ని ముక్కలుగా విడగొట్టారు. ఢిల్లీ, ముంబై, కలకత్తా, చెన్నై మెట్రోలు. మిగతావి రాష్ట్రాల సరిహద్దుల్ని అనుసరించిన సర్కిళ్లు. ఆదాయం వచ్చే అవకాశాన్ని బట్టి వాటికి ఏ, బీ, సీ తరగతులిచ్చారు. తమిళనాడు, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ మూడూ ఏ తరగతే. రాష్ట్రం 2014లో రెండైనా ఆంధ్రప్రదేశ్ సర్కిల్ మాత్రం తెలంగాణతో కలిసి ఇప్పటికీ ఒక్కటిగానే ఉంది. గీతలు గీయడంలో ఉన్న పట్టుదల చెరపడంలో కనిపించదు.

అయితే గీతలు రాష్ట్ర సరిహద్దు మీదే పడాలన్న నియమమేమీ లేదు. ఢిల్లీ మెట్రో సర్కిల్‌లో హర్యానాకు చెందిన గుర్గావ్, ఫరీదాబాద్‌లనూ ఉత్తరప్రదేశ్‌కు చెందిన నోయిడా, ఘజియాబాద్‌లనూ మొదటి నుంచీ కలిపారు. రోజూ ఢిల్లీకి పోయివచ్చే ఊళ్లు కాబట్టి అది సబబే. బెంగళూరు నుంచి హోసూరు 40 కిలోమీటర్లు, చెన్నై నుంచి దాదాపు 300. బెంగళూరును మెట్రోగా లెక్కించలేదు గనుక దానికి అలాంటి ‘చుట్టుపక్కల’ అన్న సౌకర్యమే లేకుండా పోయింది. 2005లో మెట్రోలకూ వాటి చుట్టూ ఉన్న రాష్ట్రాలకూ మధ్య కాల్స్‌ను ఒకే సర్కిల్ కాల్స్‌గా పరిగణించాలని నిర్ణయించారు. దానితో చెన్నై, తమిళనాడు ఒకటయ్యాయి. ఆ వెసులుబాటు హోసూరుకు చెన్నైని దగ్గర చేసింది. బెంగళూరు మాత్రం ఎస్టీడీ దూరంలోనే ఉండిపోయింది. జిల్లా ఆర్థిక జీవితం ఎటు మొగ్గి ఉందో తెలిసినవారికి ఇది విడ్డూరంగా తోచక మానదు.

ల్యాండ్‌లైన్ రోజుల్లోనూ ఇదే తీరు. హోసూరు ఎస్టీడీ కోడ్ 04344, కృష్ణగిరిది 04343, దేన్కనికోటది 04347, బెంగళూరుది 080. సిప్‌కాట్ పారిశ్రామికవాడలో అశోక్ లేలాండ్, టీవీఎస్, టైటాన్ వంటి కంపెనీలు వచ్చాక విడిభాగాలు తయారుచేసే చిన్న యూనిట్లు వందల్లో పుట్టుకొచ్చాయి. వాటికి సరుకు కావాలన్నా, పద్దు తేలాలన్నా కాల్ వెళ్లేది బెంగళూరుకే.

తొలి కంపెనీలు

1995 జులై 31న కలకత్తాలో దేశపు తొలి మొబైల్ కాల్ నడిచింది. అప్పట్లో నిమిషానికి 16 రూపాయల దాకా పడేది, ఇన్‌కమింగ్‌కూ డబ్బు కట్టాల్సిందే. ఒక్కో సర్కిల్‌కు ఇద్దరు చొప్పున లైసెన్సులిచ్చారు. తమిళనాడులో ఎయిర్‌సెల్, బీపీఎల్ మొబైల్ వచ్చాయి. కర్ణాటకలో జేటీ మొబైల్స్, స్పైస్. ఆంధ్రప్రదేశ్‌లో జేటీ మొబైల్స్, టాటా సెల్యులార్. అంటే గీతకు అటూ ఇటూ ఉన్న కంపెనీలు వేర్వేరు. జేటీ మొబైల్స్‌ను భారతి కొనుక్కున్నాక కర్ణాటక, ఆంధ్రల్లో అది ఎయిర్‌టెల్ అయింది. తమిళనాడులో మాత్రం ఎయిర్‌టెల్ 2001లో నాలుగో లైసెన్సు వేలంలో గెలిచి ఆలస్యంగా అడుగుపెట్టింది. అదే విడతలో కర్ణాటక, ఆంధ్రప్రదేశ్, చెన్నైలను హచ్ దక్కించుకుంది. 2002 అక్టోబరులో బీఎస్ఎన్ఎల్ మొబైల్ సేవలు మొదలయ్యాయి.

ఆ రోజుల్లో నంబరు చూస్తే ఊరు తెలిసేది. 9842 అంటే తమిళనాడు ఎయిర్‌సెల్, 9843 బీపీఎల్, 9894 ఎయిర్‌టెల్. 9845 కర్ణాటక ఎయిర్‌టెల్, 9844 స్పైస్. 9848, 9849 అయితే ఆంధ్ర. బీఎస్ఎన్ఎల్‌లో 9443 తమిళనాడు, 9448 కర్ణాటక, 9440 ఆంధ్రప్రదేశ్. వేరే సర్కిల్ మొబైల్‌కు చేయాలంటే ముందు సున్నా కొట్టాలి. అందుకే హోసూరు వ్యాపారుల ఫోను పుస్తకాల్లో బెంగళూరు నంబర్లన్నీ సున్నాతోనే మొదలయ్యేవి. తెలుగు కుటుంబాల్లో ఈ బాధ ఇంకో మెట్టు ఎక్కువ. ఆడపిల్లను కుప్పం వైపు ఇచ్చి, కొడుకు బెంగళూరులో ఉద్యోగం చేస్తుంటే, ఒకే ఇంటి మనుషులు మూడు సర్కిళ్లకు చెందేవారు. కృష్ణగిరి, చిత్తూరు జిల్లాల తోతాపురి మామిడి వ్యాపారం కూడా అంతే. కాయ ఒక రాష్ట్రంలో, గుజ్జు ఫ్యాక్టరీ మరో రాష్ట్రంలో, మధ్యలో ధర మాట్లాడే ఫోను.

రోమింగ్ కాలం

2003 మేలో ఇన్‌కమింగ్ ఉచితమైంది, కానీ సొంత సర్కిల్‌లో ఉన్నంతవరకే. సరిహద్దు ఊళ్లలో తగాదా ఇక్కడే మొదలైంది. దీన్ని కాస్త దగ్గర నుంచి చూడాలి.

ఫోను ఎప్పుడూ మొదట తన సొంత నెట్‌వర్కును వెతుక్కుంటుంది. ఆ సిగ్నల్ తప్పిపోతే ఒప్పందం ఉన్న మరో నెట్‌వర్కును పట్టుకుంటుంది. తమిళనాడు ఎయిర్‌టెల్ కోడ్ 404-94, కర్ణాటక ఎయిర్‌టెల్ కోడ్ 404-45. మనకు పేరు ఒకటే అయినా ఫోనుకు అవి రెండు వేర్వేరు నెట్‌వర్కులు. జూజువాడి వైపు ఇళ్లలో ఒక క్షణం సొంత సిగ్నల్ పోయి ఫోను అత్తిబెలె టవర్‌కు అతుక్కుంటే, సొంత సిగ్నల్ తిరిగొచ్చినా వెంటనే వెనక్కి రాదు. ఎంతసేపటికోసారి సొంత నెట్‌వర్కు కోసం వెతకాలో సిమ్‌లోనే రాసి ఉంటుంది. ఆ గడువు ఆరు నిమిషాల గుణకాల్లో ఉంటుంది, ఏమీ రాయకపోతే గంట. ఆ గంటలో వచ్చిన ప్రతి కాల్‌కూ రోమింగ్ లెక్క పడుతుంది. మనిషి గడప దాటకపోయినా అతని ఫోను రాష్ట్రం దాటిందన్నమాట.

ఎంత పడేదంటే, టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2007 ఫిబ్రవరి నుంచి అమల్లోకి తెచ్చిన గరిష్ఠ ధరల ప్రకారం రోమింగ్‌లో ఇన్‌కమింగ్ నిమిషానికి రూ.1.75, లోకల్ అవుట్‌గోయింగ్ రూ.1.40, ఎస్టీడీ రూ.2.40. అంతకు ముందు ఇంకా ఎక్కువ. 2013 జులైలో ఇన్‌కమింగ్ 75 పైసలకు, 2015 మేలో 45 పైసలకు దిగింది. ప్రీపెయిడ్ మీద బతికే చిన్న వ్యాపారికి, రోజూ అత్తిబెలె దాటి పనికి పోయే కార్మికుడికి ఇవి చిల్లర లెక్కలు కావు.

జనం తమ దారులు తాము చూసుకున్నారు. సెట్టింగ్స్‌లో నెట్‌వర్కు ఎంపికను ఆటోమేటిక్ నుంచి మాన్యువల్‌కు మార్చి సొంత కంపెనీని బిగించడం ఒక దారి. అప్పుడు సిగ్నల్ పోతే పోతుంది గానీ డబ్బు పోదు. ఇంకో దారి రెండు సిమ్‌లు. చెక్‌పోస్టు దాటగానే సిమ్ మార్చుకునే కాలం పోయి డ్యూయల్ సిమ్ ఫోన్లు వచ్చాక కర్ణాటకది ఒకటి, తమిళనాడుది ఒకటి పెట్టుకోవడం మామూలైంది. మూడో దారి అందరికీ తెలిసిన మిస్డ్ కాల్. దీనివల్ల కంపెనీల లెక్కలూ తికమక పడ్డాయని చెప్పాలి. సర్కిల్‌లో ఎన్ని సిమ్‌లున్నాయో ట్రాయ్ నివేదికలు చెబుతాయి, ఆ సిమ్ ఏ టవర్ కింద తిరుగుతోందో చెప్పవు.

డబ్బుతో సంబంధం లేని చిక్కు మరొకటుంది. పోలీసు, అంబులెన్సు వంటి అత్యవసర నంబర్లకు చేసిన కాల్ ఏ టవర్ పట్టుకుంటే ఆ రాష్ట్రపు కంట్రోల్ రూముకే వెళ్తుంది. సరిహద్దులో ఫోను కర్ణాటక టవర్ మీద ఉంటే హోసూరు ప్రమాదం కబురు అవతలి రాష్ట్రం వాళ్లకు చేరుతుంది. రోమింగ్ ఛార్జీలు పోయినా ఈ చిక్కు పోలేదు.

తరంగాలు, నేల

అత్తిబెలె సిగ్నల్ హోసూరులోకి అంత తేలిగ్గా ఎందుకు చొచ్చుకొచ్చేదన్నది స్పెక్ట్రమ్ ప్రశ్న. మొదటి లైసెన్సుదారులకు 900 మెగాహెర్ట్జ్ దక్కింది. నాలుగో లైసెన్సుదారులకు 1800. పౌనఃపున్యం రెట్టింపైతే, మిగతావన్నీ సమానంగా ఉన్నప్పుడు, ఫోనుకు అందే శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. గోడల్లోంచి దూరడంలోనూ 900దే పైచేయి. కర్ణాటక ఎయిర్‌టెల్‌కు పాత జేటీ లైసెన్సు వల్ల 900 ఉంది, తమిళనాడు ఎయిర్‌టెల్‌ది 1800తో మొదలు. కాబట్టి ఒకే కంపెనీ టవర్లలో అవతలి గట్టుది దూరం నడిచేది, ఇవతలిది దగ్గరలో ఆగేది. అదే తమిళనాడు 900 చేతిలో ఉన్న ఎయిర్‌సెల్ జిల్లాలో పల్లెలకు తక్కువ టవర్లతోనే అందగలిగింది. ఆ సర్కిల్‌లో అది చాలాకాలం పెద్ద కంపెనీగా నిలవడానికి ఇదొక ముఖ్య కారణం.

నేల కూడా పోటీలో ఒక పక్షమే. హోసూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున మైసూరు పీఠభూమి అంచున ఉంది. కృష్ణగిరి అంతకన్నా ఎంతో దిగువ. బెంగళూరు నుంచి వచ్చే 44వ జాతీయ రహదారి సూలగిరి దాటాక కొండల మధ్యగా కిందికి దిగుతుంది. పైభాగం చదునుగా ఉండటంతో టవర్ చూపు దూరం పోతుంది. కింద ప్రతి గ్రానైట్ గుట్టా వెనకాల ఒక నీడ వదులుతుంది. కాల్ మాట్లాడుతూ హోసూరు నుంచి కృష్ణగిరికి బస్సులో వెళ్లేవారు ‘ఇక కట్ అవుతుంది, తర్వాత చేస్తా’ అనే మలుపులు ఆ నీడలే. రహదారి పొడవునా టవర్లు పెట్టడానికి కంపెనీలు పోటీ పడ్డాయి. చెన్నై, బెంగళూరు, సేలం దారులు కృష్ణగిరి దగ్గర కలుస్తాయి. లారీ డ్రైవర్లు, బస్సు ప్రయాణికులు రాత్రింబవళ్లు తిరిగే దారిలో సిగ్నల్ పోయిన కంపెనీకి మూడు రాష్ట్రాల్లోనూ చెడ్డపేరు.

లైసెన్సు షరతులు పల్లెల్ని పట్టించుకున్నది తక్కువ. మూడేళ్లలో సర్కిల్‌లోని జిల్లా కేంద్రాల్లో సగానికి సేవలందించాలన్నది ప్రధాన నిబంధన. జిల్లా కేంద్రం బదులు అదే జిల్లాలోని మరో పట్టణాన్ని ఎంచుకునే వీలూ ఇచ్చారు. ఈ షరతు కింద అంచెట్టిలో టవర్ పెట్టాల్సిన అవసరం ఎవరికీ రాదు.

2010 వేలం

2010 ఏప్రిల్ 9 నుంచి మే 19 దాకా, 34 పనిదినాల పాటు 183 రౌండ్లుగా 3జీ వేలం జరిగింది. తమిళనాడు సర్కిల్ ధర రూ.1,464.94 కోట్లకు, కర్ణాటకది రూ.1,579.91 కోట్లకు, ఆంధ్రప్రదేశ్‌ది రూ.1,373.14 కోట్లకు చేరింది. తమిళనాడులో ఎయిర్‌టెల్, వొడాఫోన్, ఎయిర్‌సెల్ గెలిచాయి. కర్ణాటకలో ఎయిర్‌టెల్, టాటా, ఎయిర్‌సెల్. ఆంధ్రప్రదేశ్‌లో ఎయిర్‌టెల్, ఐడియా, ఎయిర్‌సెల్. ఈ మూడు వరసల్ని కృష్ణగిరి పటం మీద పరిచి చూస్తే పోటీ స్వరూపం తెలిసిపోతుంది. వొడాఫోన్ వాడే హోసూరు ఉద్యోగికి ఇంట్లో 3జీ ఉంది, బెంగళూరు ఆఫీసులో కంపెనీకి సొంత 3జీ లేదు. ఐడియా వాడే కుప్పం మనిషి వేపనపల్లికి వస్తే అంతే సంగతి. ఈ వేలంలో మూడు వైపులా తరంగాలు గెలిచినవి ఎయిర్‌టెల్, ఎయిర్‌సెల్ రెండే.

లోటును పూడ్చుకోవడానికి ఎయిర్‌టెల్, వొడాఫోన్, ఐడియా ఒకరి 3జీని ఒకరు వాడుకునే ఒప్పందాలు చేసుకున్నాయి. స్పెక్ట్రమ్ కొనని చోట 3జీ ఎలా అమ్ముతారని టెలికం శాఖ 2011 డిసెంబరులో ఆపమంది. కేసు ఏళ్లు నడిచి 2014 ఏప్రిల్‌లో టెలికం వివాదాల ట్రిబ్యునల్ కంపెనీల పక్షాన తీర్పిచ్చింది. అప్పటికి జనం దృష్టి 4జీ మీదికి మళ్లింది.

3జీ వేలం జరిగిన 2010లోనే సాగిన బ్రాడ్‌బ్యాండ్ స్పెక్ట్రమ్ వేలం అప్పట్లో అంత హడావుడి చేయలేదు, కానీ తర్వాతి కథంతా దానిలోనే ఉంది. 2300 మెగాహెర్ట్జ్‌లో 22 సర్కిళ్లనూ గెలిచినది ఇన్ఫోటెల్ ఒక్కటే, రూ.12,848 కోట్లకు. దాన్ని వెంటనే రిలయన్స్ ఇండస్ట్రీస్ తన చేతిలోకి తీసుకుంది. ఎయిర్‌టెల్‌కు ఆ బ్యాండ్‌లో కర్ణాటక దక్కింది, తమిళనాడు దక్కలేదు. 2012లో బెంగళూరులో 4జీ మొదలుపెట్టిన కంపెనీకి హోసూరులో అదే బ్యాండ్ కావాలంటే 2016లో ఎయిర్‌సెల్ దగ్గర ఎనిమిది సర్కిళ్ల స్పెక్ట్రమ్‌ను రూ.3,500 కోట్లకు కొనేదాకా ఆగాల్సి వచ్చింది.

గీత చెరిగిన రోజులు

నంబరు మార్చకుండా కంపెనీ మారే సౌకర్యం 2011 జనవరి 20న దేశమంతటికీ వచ్చింది, అయితే సర్కిల్ లోపలే. సర్కిల్ దాటి కూడా నంబరు ఉంచుకునే వీలు 2015 జులై 3న వచ్చింది. 9443, 9845 చూసి ఊరు చెప్పే విద్య అక్కడితో పనికిరాకుండా పోయింది.

అసలు మార్పు 2016 సెప్టెంబరు 5న రిలయన్స్ జియోతో. దేశమంతా ఒకే తరహా 4జీ, కాల్స్ ఉచితం, రోమింగ్ అన్న పద్దే లేదు. మిగతా ఊళ్లలో జియో అంటే చవక డేటా. హోసూరులో దానికి తోడు చెక్‌పోస్టు దాటినా మీటర్ తిరగని ఫోను. ఎయిర్‌టెల్ 2017 ఏప్రిల్ 1 నుంచి దేశీయ రోమింగ్ ఛార్జీలు ఎత్తేసింది, మిగతావారూ అదే బాట పట్టారు. ట్రాయ్ పదేళ్లపాటు మెట్టు మెట్టుగా తగ్గించుకుంటూ వచ్చిన ధరను మార్కెట్ ఏడు నెలల్లో సున్నా చేసింది. నియంత్రణ సంస్థ అప్పుడే ఎందుకు చేయలేకపోయిందన్న ప్రశ్నకు సర్కిల్ వారీ లైసెన్సులే సమాధానం. ఒక్కో సర్కిల్‌కు వేర్వేరుగా డబ్బు కట్టిన కంపెనీలు గీతను ఆస్తిగా చూశాయి.

ఆ దెబ్బకు తమిళనాడులో కూలినది ఎయిర్‌సెల్. 3జీకి 13 సర్కిళ్లలో దాదాపు రూ.6,500 కోట్లు పెట్టి, టవర్లలో 17,500 దాకా 2010లోనే రూ.8,400 కోట్లకు జీటీఎల్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్‌కు అమ్మేసిన కంపెనీ అది. సొంత టవర్లు లేని కంపెనీకి బాకీ పేరుకుంటే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో తేలింది. టవర్ సంస్థలు సేవలు ఆపేయడంతో రాష్ట్రమంతటా ఫోన్లు మూగబోయాయి. కంపెనీ మారాలంటే పాత సిమ్ నుంచే ఎస్సెమ్మెస్ పంపి కోడ్ తెచ్చుకోవాలి. సిగ్నలే లేని సిమ్ నుంచి ఎస్సెమ్మెస్ ఎలా వెళుతుంది? బ్యాంకు ఖాతా, ఆధార్, గ్యాస్ బుకింగ్ అన్నీ ఆ నంబరుకే కట్టుబడి ఉన్నవాళ్లు టవర్ బతికున్న చోటు వెతుక్కుంటూ తిరిగారు. కంపెనీ ఆ నెలాఖరున దివాలా పిటిషన్ దాఖలు చేసింది. టాటా మొబైల్ వ్యాపారం ఎయిర్‌టెల్‌లో కలిసింది, వొడాఫోన్, ఐడియా 2018 ఆగస్టు 31న ఒక్కటయ్యాయి. ఎనిమిది, తొమ్మిది పేర్లు కనిపించిన రీచార్జ్ కొట్టు బోర్డు మీద నాలుగు మిగిలాయి.

5జీలో హోసూరు

2022 జులై 26 నుంచి ఆగస్టు 1 దాకా సాగిన 5జీ వేలంలో రూ.1,50,173 కోట్ల స్పెక్ట్రమ్ అమ్ముడైంది. జియో 700 మెగాహెర్ట్జ్‌ను దేశమంతటా తీసుకుంది, దాన్ని కొన్నది ఆ ఒక్క కంపెనీయే. తరంగం దూరం పోవాలన్నా, గోడలు దాటాలన్నా పనికొచ్చే బ్యాండ్ అది. ఎయిర్‌టెల్ దాన్ని వదిలి, ఉన్న 4జీ నెట్‌వర్కు మీదే 5జీని ఆనించే పద్ధతి ఎంచుకుంది. 26 గిగాహెర్ట్జ్‌లో అదానీ సంస్థ ఆరు సర్కిళ్లు కొంది. వాటిలో తమిళనాడు, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ మూడూ ఉన్నాయి. ఆ స్పెక్ట్రమ్‌ను ఎయిర్‌టెల్ కొంటున్నట్టు 2025 ఏప్రిల్‌లో ప్రకటన వచ్చింది.

ఇంతకుముందెన్నడూ లేని విధంగా ఈసారి హోసూరు ముందు వరసలో నిలిచింది. 2023 జనవరిలో జియో తమిళనాడులో కోయంబత్తూరు, మదురై, తిరుచిరాపల్లి, సేలం, వెల్లూరులతో పాటు హోసూరులో 5జీ మొదలుపెట్టింది. అదే నెలలో ఎయిర్‌టెల్ కోయంబత్తూరు, మదురై, తిరుచిరాపల్లిల పక్కన హోసూరును చేర్చింది. బెంగళూరుకు 5జీ వచ్చినది 2022 అక్టోబరు, నవంబరుల్లో. రెండు మూడు నెలల తేడా మాత్రమే. జనాభాలో హోసూరుకన్నా పెద్ద పట్టణాలు రాష్ట్రంలో ఉండగా దీన్ని ఎంచుకోవడానికి సిప్‌కాట్, బెంగళూరు రెండూ కారణాలై ఉంటాయి. ఇక్కడ ఏథర్, జిల్లాలోని పోచంపల్లి దగ్గర ఓలా విద్యుత్ స్కూటర్లు తయారుచేస్తున్నాయి. ఆ స్కూటర్లలోనూ సిమ్ ఉంటుంది. కెలమంగలం వైపు టాటా ఎలక్ట్రానిక్స్ ఐఫోన్ విడిభాగాలు చేస్తోంది. ఫోనుకు చుట్టూ పెట్టే తొడుగు ఇక్కడే తయారై, ఆ ఫోనుకు సిగ్నల్ అందించే పోటీ కూడా ఇక్కడే నడవడం కాకతాళీయమే అయినా గుర్తుంచుకోదగ్గది.

వొడాఫోన్ ఐడియా పరిస్థితి వేరు. ప్రభుత్వానికి కట్టాల్సిన బకాయిల విషయంలో 2019 అక్టోబరు 24న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దాన్ని కుంగదీసింది. బకాయిలు వాటాలుగా మారడంతో 2025 నాటికి ప్రభుత్వ వాటా 49 శాతం దగ్గరికి చేరింది. సరిహద్దులో ఎన్నో ఏళ్లు మంచి పేరున్న నెట్‌వర్కు ఇప్పుడు పెట్టుబడి కోసం చూస్తోంది.

కొండల వైపు

హోసూరు నుంచి దక్షిణానికి తళి, దేన్కనికోట దాటితే వేరే లోకం. మేలగిరి కొండలు, 2014లో ప్రకటించిన కావేరి ఉత్తర అభయారణ్యం, 2022లో ప్రకటించిన కావేరి దక్షిణ అభయారణ్యం, ఏనుగులు తిరిగే దారులు. బెట్టముగిలాలం వంటి కొండ ఊళ్ల చుట్టూ చిన్న చిన్న పల్లెలు విసిరేసినట్టుంటాయి. పదిళ్ల పల్లెకు టవర్ పెడితే రాబడి కరెంటు బిల్లుకే చాలదు. అడవిలో స్తంభం నాటాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి, ఫైబర్ లాగడం కష్టం, డీజిల్ మోయడం ఇంకా కష్టం. ప్రైవేటు కంపెనీల పోటీ దేన్కనికోట బజారు దగ్గరే ఆగిపోతుందంటే అందులో వాళ్ల లెక్క తప్పేమీ లేదు. అయితే ఆ లెక్కలో పడని మనుషులకు ఫోను తక్కిన వారికన్నా ఎక్కువ అవసరం. ఏనుగు పొలంలోకి వచ్చిందని చెప్పాలన్నా, ప్రసవానికి అంబులెన్సును పిలవాలన్నా సిగ్నల్ ఉన్న గుట్ట ఎక్కాల్సిందే.

దీని కోసమే కంపెనీల ఆదాయం నుంచి కొంత శాతం తీసి 2002లో సార్వత్రిక సేవా నిధిని పెట్టారు. 2023 టెలికం చట్టంతో దాని పేరు డిజిటల్ భారత్ నిధి అయింది. సిగ్నల్ లేని 24,680 గ్రామాలకు బీఎస్ఎన్ఎల్ ద్వారా 4జీ ఇచ్చే పథకానికి 2022 జులైలో కేంద్ర మంత్రివర్గం రూ.26,316 కోట్లు మంజూరు చేసింది. టీసీఎస్, తేజస్, సీ-డాట్ కలిసి రూపొందించిన స్వదేశీ 4జీ పరికరాలతో బీఎస్ఎన్ఎల్ నెట్‌వర్కును 2025 సెప్టెంబరు 27న ప్రధాని ప్రారంభించారు. ప్రైవేటువాళ్లకన్నా బీఎస్ఎన్ఎల్‌కు 4జీ దాదాపు పదేళ్లు ఆలస్యం. కొండ మీద మాత్రం దానికి పోటీదారు లేడు.

కవరేజీని ఎవరు కొలవాలి

‘నంబర్ వన్ నెట్‌వర్క్’ అని అందరూ అంటారు. 2015లో ఎయిర్‌టెల్ 4జీ వేగంపై ఇచ్చిన ప్రకటనను ప్రకటనల ప్రమాణాల మండలి తప్పుపట్టింది. 2017లో ‘దేశంలో అత్యంత వేగవంతమైన నెట్‌వర్క్’ అన్న మాటపై జియో అదే మండలికి ఫిర్యాదు చేసింది. కాల్ మధ్యలో తెగితే వినియోగదారుకు రూపాయి చొప్పున, రోజుకు మూడు దాకా ఇవ్వాలని ట్రాయ్ పెట్టిన నియమాన్ని 2016 మే 11న సుప్రీంకోర్టు కొట్టేసింది.

వీటన్నిటికన్నా ఉపయోగపడే నియమం నిశ్శబ్దంగా వచ్చింది. 2024 అక్టోబరు నుంచి అమలైన సేవా నాణ్యత నిబంధనల ప్రకారం ప్రతి కంపెనీ తన 2జీ, 3జీ, 4జీ, 5జీ ఎక్కడెక్కడ అందుతుందో పటం గీసి తన వెబ్‌సైటులో పెట్టాలి. హోసూరులో సిమ్ కొనబోయేవారు ఈ పటాల్లో తమ వీధితో పాటు అత్తిబెలె, కుప్పం దారుల్నీ చూసుకోవడం మంచిది. పటం సాధారణంగా ఆరుబయట అందే సిగ్నల్ లెక్క. రేకుల షెడ్డు లోపల యంత్రం పక్కన నిలబడ్డ మనిషికి ఏం అందుతుందో అందులో ఉండదు. స్పెక్ట్రమ్ వేలాలు 2024 జూన్‌లో జరిగిన దానితో సహా ఇంకా సర్కిల్ వారీగానే సాగుతున్నాయి. ఆ విడతలో దేశం మొత్తం మీద అమ్ముడైనది 141.4 మెగాహెర్ట్జ్, రూ.11,341 కోట్లకు.